తెల్లది

రామలింగప్ప కొలను గట్టున మోకాళ్ళ మీద వంగి, ఒక చేత్తో మెడలోని లింగకాయను కండువా కొసలో చుట్టి రొమ్ముకు అదుముకొని, రెండో చేత్తో నీళ్ళ మీద నూకలు చల్లుతున్నాడు. లింగకాయను దాచేది నీళ్ళలో పడుతుందని కాదు, దేవునికి చేపలు కనబడకూడదని. ఇన్నేళ్ళుగా ప్రతి ఉదయం ఆ దేవుడు కండువా చాటున కళ్ళు మూసుకొని కూర్చుంటున్నాడు. వాసన సంగతి మాత్రం రామలింగప్ప ఎప్పుడూ ఆలోచించలేదు.

చేపలు గుంపుగా పైకి వచ్చి నూకలు అందుకున్నాయి. ఎర్రవి, పసుపువి, నల్ల మచ్చలవి. బంగళా యజమానురాలు రామలక్ష్మమ్మ భర్త, బతికి ఉన్న రోజుల్లో, జపాను చేపలని ఎవరో చెబితే మద్రాసులో కొని, మూతికి గుడ్డ కట్టిన బానల్లో బేతంచెర్ల స్టేషను దాకా రైల్లో తెప్పించాడు. వాటికోసం బంగళా వెనక నాపరాళ్ళు పరిచి ఈ కొలను కట్టించాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలిన ముచ్చట ఇవే. వాటిలో ఒకటి ఒళ్ళంతా తెల్లగా, నుదుట మాత్రం ఎర్రటి బొట్టుతో ఉంటుంది. తన నుదుట బొట్టు పోయిన ఏడాది ఆమె దానికి కుంకుమ అని పేరు పెట్టుకుంది.

కుంకుమ ఈ పూట పైకి రాలేదు.

రామలింగప్ప ఇంకా వంగి చూశాడు. అది అడుగున రాతికి ఒళ్ళు రుద్దుకుంటోంది. రెక్కలు ఒంటికి అతికించుకొని కాసేపు కదలకుండా ఉంటుంది, మళ్ళీ రుద్దుకుంటుంది. పక్కకు తిరిగినప్పుడు కనిపించాయి, రవ్వ చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు.

అంతకు ముందు ఈ కొలను చూసుకున్న బుడన్ సాబు, కాళ్ళు ఆడక పని మానేసే ముందు అతనికి అన్నీ చెప్పి పోయాడు. తిండి మిగిలితే తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళు చెడతాయి. చేప నీటి మీదికొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే నీళ్ళు మార్చాలి. కొత్త చేప వస్తే కొన్నాళ్ళు తొట్టిలో వేరుగా పెట్టి, రోగం లేదని తేలాకే కొలనులో వదలాలి. పోయిన వారం నంద్యాల నుంచి ఎవరో చిన్న చేపలు తెచ్చిస్తే, రామలక్ష్మమ్మ చిన్నపిల్లలా సంబరపడి తన చేత్తోనే కొలనులో వదిలేసింది. వద్దమ్మా అని అనాల్సింది. రామలింగప్ప అనలేదు. అనాల్సిన చోట అనకపోవడం అతనికి కొత్తేమీ కాదు.

వలగుడ్డతో కుంకుమను పట్టి రాతి తొట్టిలో వేశాడు. కొలను పక్కనున్న పనిముట్ల గుడిసెలో గోడ వారనున్న కుండలోంచి రెండు దోసిళ్ళ గళ్ళుప్పు తెచ్చి, చెంబులో కరిగించి, తొట్టి నీళ్ళలో నిదానంగా పోశాడు. ఈ ఉప్పు పని అతను మరొకరికి అప్పగించడు. అతనికి తోడుగా పనిచేసే జీవమ్మది నీళ్ళు మోయడం వరకే. బావి నీళ్ళు తెచ్చి, ఎండలో ఉంచి, వేడి చల్లారాక కొలనులో పోస్తుంది. నోరు మంచిది, చెయ్యి ఇంకా మంచిది. ఆమె తల మీది చుట్టకుదురుకు పైన చుట్టిన ఎర్ర అంచు గుడ్డ రామలింగప్ప ఇచ్చిందే. అది అతను మగ్గం మీద నేసిన ఆఖరి చీరలో మిగిలిన ముక్క.

అవును, అతను నేతగాడు. ఎమ్మిగనూరులో పుట్టి, మగ్గం గుంటలో పెరిగినవాడు. మిల్లు గుడ్డ చవకై, కరువు తోడై, మగ్గం అటకెక్కాక భార్య ఉరుకుందమ్మను తీసుకొని ఇంత దూరం వచ్చాడు. ఊళ్ళో చుట్టాలకు బంగళాలో తోట పని అని చెప్పుకున్నాడు. మాంసం గడప తొక్కని ఇంటివాడు చేపలను సాకుతున్నాడంటే పంక్తిలో పక్కన ఎవరు కూర్చుంటారు? ఆ భయం కొద్దీ మిగతా నియమాలన్నీ ఇతరుల కంటే గట్టిగా పట్టుకున్నాడు. స్నానం కాకుండా గుటక మింగడు. దీపం పెట్టాక ఉప్పు అనే మాట నోట రానివ్వడు. ఆ వేళ దాన్ని వాళ్ళ ఇళ్ళలో తెల్లది అంటారు.

ఆ రోజు సాయంత్రానికి కుంకుమ కొంచెం తేరుకుంది. రాతికి రుద్దుకోవడం మానింది. రామలక్ష్మమ్మ వచ్చి తొట్టి పక్కన కూర్చొని, "బతుకుతాదా లింగప్పా?" అని అడిగింది.

"బతుకుతాదమ్మా. ఈ పూట ఇంగోసారి మందు పడల్ల."

ఆమె లోపలికి వెళ్ళింది. బంగళాలో దీపం వెలిగింది. అప్పుడే గేటు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే భార్య అన్న బొజ్జన్న. చంకలో సంచి, చేతిలో పసుపు పూసిన పెండ్లి పిలుపు.

"ఏమప్పా బావా, ఇంగా పని కాలేదా? ఇంట్లో మా చెల్లెలు ఈడ ఉండావనె. నేనే వస్తి."

రామలింగప్ప గబగబా కొలనుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అంత కొలనుకు అడ్డం నిలబడగలిగినట్టు. "తోటకు నీళ్ళు కడ్తాండా. అయిపాయ, పోదాం పా."

వెనక నుంచి జీవమ్మ కేకేసింది. "అప్పా, పొద్దున తొట్లో ఏందో కలిపితివే, మల్లా కలపల్లంటివి గదా. చేప..."

"నువ్వే కలిపెయ్," అన్నాడు, ఆ మాట పూర్తి కానివ్వకుండా. "తెల్లది. రెండు దోసిళ్ళు."

"తెల్లదంటే ఏదప్పా?"

బొజ్జన్న మెడ చాచి కొలను వైపు చూస్తున్నాడు. రామలింగప్ప అతని చూపుకు అడ్డంగా జరిగాడు. "తెల్లదంటే తెలీదా నీకు? గోడ తావున కుండలోది. బిరీన కలిపి ఇంటికి పో!"

బావమరిది చెయ్యి పట్టుకొని గేటు దాటాడు. రాత్రి ఇంట్లో బొజ్జన్న తన కూతురి పెండ్లి కబుర్లు చెబుతుంటే నవ్వాడు, తిన్నాడు, తృప్తిగా నిద్రపోయాడు.

మరునాడు పెండ్లికి రావడానికి సెలవు అడగాలని బొజ్జన్నను వెంటబెట్టుకొనే బంగళాకు వెళ్ళాడు. బొజ్జన్నను గేటు దగ్గర ఉండమన్నాడు. తొట్టి దగ్గర రామలక్ష్మమ్మ, జీవమ్మ నిలబడి ఉన్నారు. తొట్టి నీళ్ళు పాలలా ఉన్నాయి. కుంకుమ పొట్ట పైకి తిరిగి తేలుతోంది. నుదుటి బొట్టు వెలిసిపోయింది.

గుడిసె బయట గోడ పక్కన, ఉగాదికి వెల్ల వెయ్యడానికి తెచ్చిన సున్నం కుండ మూత తీసి ఉంది.

"ఎవురు పోసిరి ఇది?" అంది రామలక్ష్మమ్మ.

"నేనేనమ్మా," అంది జీవమ్మ. "అప్ప తెల్లది కలపమనె. మా ఊర్లో నీళ్ళు మంచిగ కావల్లని బావిలో సున్నం ఏస్తారు. ఇదీ అట్లే అనుకొంటి."

రామలక్ష్మమ్మ అతని వైపు చూసింది. గేటు దగ్గర బొజ్జన్న కూడా చూస్తున్నాడు. తెల్లది అన్నానని ఒప్పుకుంటే ఎందుకన్నావని అడుగుతుంది. అడిగితే బావమరిది ముందు తొట్టి, చేప, రోగం, చాకిరీ, అంతా బయటపడుతుంది. అప్పటికే అంతా కళ్ళ ముందే ఉందన్న సంగతి అతనికి తోచలేదు. భయం మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది.

"నేను చెప్పింది ఉప్పమ్మా," అన్నాడు.

పట్టపగలు కదా, ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో.

జీవమ్మ అతని ముఖంలోకి చూసింది. కోపం లేదు. నమ్మలేనట్టు చూసింది, అంతే. "ఉప్పంటే నాకు తెలీదా అప్పా?" అంది.

అతను కాళ్ళ కింది నాపరాయి చూస్తూ ఉండిపోయాడు.

రామలక్ష్మమ్మ అరవలేదు. "రేపటి నుంచి నువ్వు రావద్దు జీవమ్మా," అని, చచ్చిన చేపను కొంగులోకి తీసుకొని లోపలికి వెళ్ళింది. జీవమ్మ కడవ బోర్లించి నీళ్ళు వంచేసి, చంకన పెట్టుకొని, వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది.

బొజ్జన్నను ఎక్కించడానికి పోతే స్టేషనులో రైలు ఆలస్యమైంది. బొజ్జన్న వేపచెట్టు నీడన సంచి మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"బావా, నువ్వు చేపలు సాకుతాండావని మాకు శానా ఏండ్ల నుంచి తెలుసప్పా. మా చెల్లెలే చెప్పె. కడుపుకోసం చేసే పనికి సిగ్గేమి? మా ఇంట్లో పిల్లోళ్ళు నువ్వొస్తే రంగు చేపల కత అడగల్లని కాసుకోనుండారు."

రామలింగప్ప కండువా కొస తడుముకున్నాడు. లింగకాయను చుట్టి దాచిన ఉదయాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

రైలు కూత వినబడింది. బొజ్జన్న లేచి సంచి దులుపుకున్నాడు. "ఒక్క మాట. నిన్న నేను పక్కనే ఉంటిని గదా. ఆయమ్మకు నువ్వు ఉప్పని చెప్పలేదు." పెట్టెలోకి ఎక్కాక కిటికీలోంచి మళ్ళీ అన్నాడు, మామూలుగానే. "పెండ్లికి రా. నా పక్కనే కూచుందువు."

తిట్టి ఉంటే బాగుండేది. రైలు కనబడకుండా పోయేదాకా నిలబడి, అక్కడినుంచి నేరుగా జీవమ్మ ఉండే వీధికి వెళ్ళాడు. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. మధ్యాహ్నమే మూటాముల్లె కట్టుకొని ఎవరిదో రాళ్ళ బండి ఎక్కి చెల్లెలి ఊరికి పోయిందని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరని అడిగితే, తెలీదప్పా అంది. ఇన్నేళ్ళు పక్కపక్కన పని చేసి, జీవమ్మది ఏ ఊరో అతనూ ఎప్పుడూ అడగలేదు.

బంగళాకు చేరేసరికి పొద్దు గూకింది. రామలక్ష్మమ్మ గడప దగ్గర దీపం పెట్టి లేస్తోంది. రామలింగప్ప మెట్ల కింద నిలబడ్డాడు. లింగకాయ కండువా బయటే వేలాడుతోంది. దాన్ని కప్పుకోవాలని అతనికి గుర్తు రాలేదు.

"అమ్మా, నేను ఉప్పు అనలేదు."

ఆమె ఉలిక్కిపడింది. "దీపం పెట్టినాక ఆ మాటేంది లింగప్పా?"

"ఉప్పు అని చెప్పింటే ఆయమ్మ ఉప్పే ఏసేది. నేను తెల్లది అంటి. పొద్దున నీ ముందర అబద్ధం చెప్తి. ఉప్పు అనలేదమ్మా."

ఆమె గడప లోపలికి అడుగేసింది. "అది ఉన్నెప్పుడు చెప్పల్ల గదా," అని తలుపు దగ్గరికి వేసుకుంది. కుంకుమ గురించి అన్నదో, జీవమ్మ గురించి అన్నదో అతను అడగలేకపోయాడు.

చీకట్లోనే తొట్టి కడిగాడు. సున్నం గోళ్ళ సందుల్లో మండుతున్నా, తెలుపు పోయేదాకా రుద్దాడు. కడిగిన నీళ్ళు పారబోసి చెయ్యి ఆనించబోతే గట్టు మీద మెత్తగా ఏదో తగిలింది. జీవమ్మ చుట్టకుదురు, ఎర్ర అంచు పైకి తిరిగి, ఆమె తల బరువుకు నొక్కుకుపోయిన చోట ఇంకా పల్లంగానే ఉంది.