మాట పూర్తయ్యేదాకా

ఎమ్మిగనూరులో సుబేదారు కోటిలింగం మగవాళ్ళకు రాత్రంతా నడిచే పోటీ పెడుతున్నాడని తెలిసిన రోజే దేశనూరు కోదండరామి తన పేరు ఇచ్చేశాడు. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమంటారో ఆయనకు తెలుసు.

కోటిలింగం మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన మనిషి. ఆయన పెట్టిన పోటీ మామూలు పరుగు పందెం కాదు. పొద్దుగూకేటప్పుడు బయలుదేరి పొద్దు పొడిచేదాకా ఎనిమిదిమంది జట్టు ఒక తుమ్మ మొద్దును భుజాల మీద మోసుకుంటూ కాలువ గట్ల మీదా, రాళ్ళ గుట్టల్లోనూ నడవాలి. దారిని మజిలీలుగా చేసి ఒక్కో మజిలీకి ఒక్కొక్కరిని నాయకుడిగా పెట్టాలి. మోసేవాడు మోస్తూ, నడిపించేవాడు నడిపిస్తూ పోతే కుదరదు. అందరూ మొయ్యాలి, అందరూ నడిపించాలి. నాయకుడు ఉండగా పక్కవాడు నోరు తెరిచి ఎత్తమనో దించమనో చెప్పాడంటే జట్టంతా ఆ మజిలీ మొదటికి పోయి మళ్ళీ నడవాలి.

మోసే సంగతి వస్తే కోదండరామిని అనేవాళ్ళు లేరు. ఆయనకు సొంత లారీలున్నాయి. నడిరోడ్డు మీద టైరు పేలితే డ్రైవరును పక్కకు జరగమని స్టెప్నీని తనే దింపి తనే ఎక్కించే ఒళ్ళు. చిక్కంతా నడిపించే దగ్గరే. ఆయనకు నత్తి. మాట నోటిదాకా వచ్చి పళ్ళ వెనక నిలబడిపోతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, కుడికన్ను మూసుకుపోతుంది. ఎదుటివాళ్ళు చూడలేక ఆ మాటేదో వాళ్ళే అనేస్తారు.

చిన్నప్పుడు తల్లి హనుమక్క అనేది. బడిలో పక్కన కూర్చున్నవాడు అనేవాడు. లారీలు కొన్నాక గనుల ఆఫీసులతో మాట్లాడేది తమ్ముడు కేశవ. పెళ్ళయ్యాక ఆ పని సగం భార్య అనుపమ తీసుకుంది. ఎవరూ చెడ్డగా చేయలేదు. పాపం అని చేశారు. కోదండరామి కూడా ఎదురు చెప్పలేదు. పైగా తనే తప్పుకునే దారులు నేర్చుకున్నాడు. 'ద' అక్షరం ఆయనకు బద్ధశత్రువు. హోటల్లో దోశ తినాలని ఉన్నా ఇడ్లీ అనేవాడు. దారి అనాల్సిన చోట రోడ్డు అనేవాడు. ఇట్లా మాటలు మార్చుకుంటూ నలభై దాటాడు.

ఆయన జట్టుకు పెద్ద గోపీకృష్ణ. సిరిగేరి దగ్గర వలస రైతుల క్యాంపులో ఉంటాడు. వాళ్ళ తాతల నాడు కాలువ నీళ్ళు వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. వరి పండిస్తాడు, వాలీబాల్ ఆడిస్తాడు, ఓడిపోవడం అంటే ఆయనకు పడదు. జట్టులో కేశవ ఉన్నాడు, ట్రాక్టరు నడిపే మౌనేష్ ఉన్నాడు, మిగతావాళ్ళు గోపీకృష్ణ క్యాంపు మనుషులు.

ఒక సాయంత్రం గోపీకృష్ణ దేశనూరు వచ్చి, కాఫీ తాగి, జేబులోంచి ఒక ఈల తీసి బల్ల మీద పెట్టాడు. సుబేదారును తను స్వయంగా కలిసి మాట్లాడానన్నాడు. కోదండరామి మజిలీలో మాట బదులు ఈల వాడుకోవచ్చని ఆయన ఒప్పుకున్నాడట. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే ఎత్తాలి, పొడుగ్గా ఊదితే దించాలి. ఇక ఏ బాధా లేదన్నాడు.

హనుమక్క ముఖం వికసించింది. ఎంత ముందుచూపు నాయనా నీకు అని గోపీకృష్ణను మెచ్చుకుంది. అనుపమ కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. కేశవ ఈల చేతిలోకి తీసుకుని ఊది చూశాడు కూడా.

కోదండరామి తమ్ముడి చేతిలోంచి ఈల తీసుకుని గోపీకృష్ణ ముందుకు జరిపాడు.

"ఈల ఊదేకి నేను బస్సు క... క... కండక్టరు గాదప్పా. నాకు నోరుండాది."

"నీ కోసమే కదా రామీ, ఆయన్ను అంత బతిమాలింది?" అన్నాడు గోపీకృష్ణ. "నువ్వు ఒక్క మాట అనేలోపల అందరి భుజాలూ విరిగిపోతాయి. ఎవడో ఒకడు ఉండబట్టలేక అనేస్తాడు. అప్పుడు మళ్ళీ మొదటికి పోవాలి."

"పో... పోదాం."

హనుమక్క కొడుకును సుమ్నే, ఎదురాడకుండా ఉండమంది. పెద్దమనిషి ఇంటికొచ్చి మంచి చెప్తాంటే వినాలంది. ఆయన వినలేదు. గోపీకృష్ణ ఈల జేబులో వేసుకుని, ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట అనుపమ భర్తను నిలదీసింది. దాంట్లో అవమానం ఏముంది, కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళు అద్దాలు పెట్టుకోరా అంది. కోదండరామి చాలాసేపు తీసుకుని జవాబు చెప్పాడు. అద్దాలు పెట్టుకుంటే కళ్ళు కనపడతాయి, ఈల పెట్టుకుంటే తన మాట ఎవరికీ వినపడదు, అదీ తేడా అన్నాడు. మధ్యలో రెండుసార్లు అనుపమ మాట అందించబోయి నాలుక కరుచుకుంది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు మరి. పెళ్ళయ్యాక ఆయన ఒక మాట మొదలుపెట్టి తనంతట తను ముగించడం ఆమె వినడం అరుదు. విన్నాక లేచి పోయి పొయ్యి ముట్టించింది.

మరునాటి నుంచి తెల్లవారగానే కాలువ గట్టు మీద అభ్యాసం మొదలైంది. అన్నదమ్ములిద్దరూ పాత దూలం ఒకటి చెరో కొసా భుజానికెత్తుకుని నడిచేవాళ్ళు. ముందు కోదండరామి, వెనక కేశవ. ఎత్తు, నడువు, భుజం మార్చు, ఆగు, దించు. ఆజ్ఞలు ఇవే. 'దించు' దగ్గర ఎప్పుడూ బండి దిగబడేది. అన్న మెడ నరాలు ఉబ్బడం వెనకనుంచి కేశవకు కనిపించేది. దించు బదులు కిందికి అనమని కేశవ సలహా ఇచ్చాడు. అదే అర్థం, సులభంగా వస్తుంది. కోదండరామి తల అడ్డంగా ఊపాడు. మాటలు మార్చుకోవడం ఇక చాలన్నాడు.

మడిలో నాట్లు వేసే ఆడవాళ్ళు నడుములెత్తి చూసి నవ్వేవాళ్ళు. వాళ్ళలో పెద్దది నింగమ్మ ఒకరోజు ఊరుకోలేక, పొద్దున్నే దూలం మోస్తా ఎవర్ని తిడతాండావప్పా అని అడిగింది. తిట్టడం లేదు, రేపు పోటీలో మనుషుల్ని నడిపించేకి నేర్చుకుంటాండానని కోదండరామి చెప్పుకున్నాడు. చెప్పేసరికి నింగమ్మ చేతిలోని నారు కట్ట సగం నాటేసింది.

"అట్లయితే ఇంకా గట్టిగ అరువు," అంది ఆమె. "మాకు సరిగ్గ ఇనపడల్యా."

కోదండరామి గట్టిగా అరిచాడు. కొంగలు లేచిపోయాయి. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు గానీ, ఈసారి ఆయన కూడా నవ్వాడు.

ఆ వారమే లారీ పని మీద సిరుగుప్ప పోయినప్పుడు అన్నదమ్ములు హోటల్లో కూర్చున్నారు. సర్వరు వచ్చి ఏం కావాలన్నాడు. కోదండరామి దోశ అనబోయాడు. మాట ఇరుక్కుంది. సర్వరు కాలు మార్చి నిలబడ్డాడు, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. అలవాటుగా కేశవ నోరు తెరిచాడు. కోదండరామి తమ్ముడి మణికట్టు పట్టుకుని బల్లకు అదిమిపెట్టాడు. అట్లాగే పట్టుకుని, కన్ను మూసుకుపోతున్నా, చెమట కారుతున్నా వదలకుండా, ఆ మాటను చివరిదాకా అన్నాడు. సర్వరు రాసుకుని పోయాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. కేశవ మాత్రం తన దోశ సరిగ్గా తినలేకపోయాడు. ఇన్నేళ్ళూ అన్నకు సాయం చేస్తున్నాననుకున్నాడు గదా, ఆ మణికట్టు నొప్పి ఆ రోజంతా ఆయనను ఏదో అడుగుతూనే ఉంది.

పోటీకి ముందు ఆదివారం ఎనిమిదిమందీ నిజమైన మొద్దుతో చివరి అభ్యాసానికి కలిశారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక కాలువ తూము దగ్గర మొదలుపెట్టారు. గోపీకృష్ణ తన మజిలీని గుర్రంలా నడిపించాడు. మౌనేష్, కేశవ తమ వంతు పూర్తి చేశారు. మళ్ళీ తూము దగ్గరికి చేరేసరికి కోదండరామి వంతు వచ్చింది.

మొద్దు ఎత్తించాడు, నడిపించాడు. కాలువ మలుపులో దించాల్సి వచ్చింది. ఆయన మొదలుపెట్టాడు. మొద్దు భుజాల మీద ఉంది, మాట రాలేదు. ఎనిమిదిమంది ఊపిరి బరువుగా వినపడుతోంది. మౌనేష్ ఆగలేక, "దించు అంటాండాడు," అన్నాడు. అందరూ దించేశారు.

కోదండరామి వెనక్కి చెయ్యి చూపించాడు. రూలు రూలే. తూము దగ్గరికి పోయి మళ్ళీ ఎత్తారు. రెండోసారి క్యాంపు మనిషి ఒకడు అందించాడు. మళ్ళీ వెనక్కి. మూడోసారి గోపీకృష్ణే అరిచేశాడు. కోదండరామి మళ్ళీ చెయ్యి చూపించాడు.

తూము దగ్గరికి పోయి మళ్ళీ ఎత్తాక గోపీకృష్ణ మొద్దు కింద నుంచి పక్కకు వచ్చేశాడు. మిగతావాళ్ళు తూలి, మొద్దు గట్టు మీద పడింది. ఇది పోటీయా, పిచ్చా అన్నాడాయన. రాత్రి మొత్తం ఈ మనిషి నోరు చూస్తూ నిలబడడానికి తాము రాలేదన్నాడు. వాళ్ళ క్యాంపులో ఇంకో మనిషి సిద్ధంగా ఉన్నాడనీ, రామి గౌరవంగా తప్పుకుంటే అందరికీ మంచిదనీ అన్నాడు.

అందరూ కోదండరామిని చూశారు. తర్వాత, అలవాటు కొద్దీ, కేశవను చూశారు. అన్న తరఫున ఏదో ఒకటి అంటాడని. కేశవ కాలువ నీళ్ళ వైపు తిరిగాడు.

కోదండరామి మాట్లాడాడు. ఆ మాటకు ఎంతసేపు పట్టిందంటే అవతలి గట్టు మీద పోయే గొర్రెల మంద మొత్తం దాటిపోయింది. ఒక్కో అక్షరాన్నీ రాయి పెకలించినట్టు పెకలించాడు. ఎవరూ అందించలేదు. ఆయన అన్నది ఇది:

"నా మాట అయ్యేదాకా మొద్దు మీ భుజాల మీదనే ఉంటాది. బరువైతే ఓర్చుకోండి. చిన్నప్పట్నుంచి నేను ఓర్చుకోల్యా? తప్పుకోను. ఇంకోటి ఇనండి, మొదటి మజిలీ నాది."

గోపీకృష్ణ మోటారు సైకిలు దగ్గరికి నడిచాడు. బండి స్టార్టు చేశాడు. మౌనేష్ వంగి మొద్దు కొస పట్టుకున్నాడు. తర్వాత క్యాంపు మనుషులు ఇద్దరు, తర్వాత మిగతావాళ్ళు. ఏడుగురే. కోదండరామి ఎత్తమన్నాడు, ఎత్తారు. మలుపు దగ్గర దించమన్నాడు. మౌనేష్ పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకున్నాడు గానీ మాట అందించలేదు. మాట పూర్తయింది, మొద్దు దిగింది. వెనక బండి శబ్దం ఆగిపోయి ఎంతసేపైందో ఎవరూ గమనించలేదు. గోపీకృష్ణ బండి మీదే కూర్చుని చూస్తున్నాడు. సాయం పట్టడానికి రాలేదు, ఇంటికీ పోలేదు.

పోటీ రోజు పొద్దు వాలేసరికి ఎమ్మిగనూరు మైదానంలో జట్లన్నీ వరస కట్టాయి. గోపీకృష్ణ వచ్చాడు. క్యాంపు నుంచి వేరే మనిషిని తీసుకురాలేదు. బూట్లు బిగించుకున్నాడు. కోటిలింగం జట్టు జట్టు దగ్గరా ఆగి, మొదటి మజిలీ నాయకుడెవరని అడుగుతున్నాడు. నాయకుడు ముందుకొచ్చి పేరూ ఊరూ గట్టిగా చెప్పాలి.

కోదండరామి ముందుకు వచ్చాడు. పేరు వచ్చింది. ఊరి పేరు దగ్గర ఆగిపోయింది. పక్క జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. కోటిలింగం ఆయన వెనక ఉన్న మిగతా ఏడుగురిని చూశాడు, ఎవరైనా చెప్తారేమోనని.

ఎవరూ చెప్పలేదు. కేశవ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"కాచుకోండి సార్," అన్నాడు గోపీకృష్ణ, వాచీ చూసుకుంటూనే. "ఆయన చెప్తాడు."

"దే... దే... దేశనూరు," అన్నాడు కోదండరామి.

కోటిలింగం సెల్యూట్ కొట్టి పక్క జట్టు దగ్గరికి పోయాడు.

తెల్లవారేసరికి వాళ్ళు గెలవలేదు. చివరినుంచి మూడోవాళ్ళుగా వచ్చారు. అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది మొదటి మజిలీకే. ఆ మజిలీలో మాత్రం వాళ్ళు ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. గోపీకృష్ణ ఆ సంగతి ఎవరితోనూ మెచ్చుకోలుగా చెప్పలేదు, ఓడినందుకు వారం దినాలు గొణిగాడు. ఆ వారం చివర వడ్లు తోలించుకోవడానికి లారీ కావాలని ఫోను చేశాడు. ఎప్పటిలా కేశవకు కాదు, కోదండరామికే చేశాడు. లారీ ఎప్పుడు వస్తుందని అడిగి, ఫోను చెవికి ఆనించుకుని, అవతల మాట పూర్తయ్యేదాకా కాచుకున్నాడు.