జీపు మలుపు తిరిగేదాకా

శనివారం పొద్దున ఓక్ ట్రీ రోడ్డులో కొన్న గోంగూర కట్టలు డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి పోసుకుని, కాడల నుంచి ఆకు తుంచుతున్నాను. అమెరికాలో ఈ ఎడిసన్‌లో దొరికే గోంగూరకి కాడ ఎక్కువ, ఆకు తక్కువ. అయినా మా మృదులకి ఇష్టమని వారం వారం ఇదే పని. టేబుల్‌కి ఆ చివర మా అల్లుడు మల్లికార్జున్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, డిసెంబరులో ఇండియా వెళ్ళినప్పుడు నల్లమలలో సఫారీకి జీపు బుక్ చేస్తున్నాడు. ఎక్కే ప్రతి మనిషి పేరూ కొట్టాలట. తన పేరు కొట్టాడు, మృదుల పేరు కొట్టాడు, హైస్కూల్లో చదివే మనవరాలు అదితి పేరు కొట్టాడు. మూడేళ్ళ మానవ్ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. అంత చిన్నపిల్లల్ని ఆ జీపుల వాళ్ళు ఎక్కించుకోరట. కాసేపు గడ్డం గోక్కుని తనే తేల్చేశాడు.

"అత్తయ్యకి ఎలాగూ భయం కదా. మానవ్‌తో గెస్ట్‌హౌస్‌లో ఉంటారు. ప్రాబ్లం సాల్వ్‌డ్."

మృదుల స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే, "అవును, అమ్మ జీపెక్కదు" అంది.

ఇద్దరూ చెడ్డ మనసుతో అన్న మాట కాదు. నాకు చలి పడదు అన్నట్టు, వంకాయ పడదు అన్నట్టు అన్నారు. కానీ ఆ మాట మృదుల కంటే ముందే పుట్టింది. ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట పుట్టిందో నాకు తెలుసు.

మా ఆయన తిరుపతయ్య అటవీ శాఖలో జీపు డ్రైవరు. నేను కాపురానికి వెళ్ళింది ఆ నల్లమలలో ఉన్న క్వార్టర్సుకే. క్వార్టర్సు పక్కనే గెస్ట్‌హౌస్. పులిని చూడాలని ఆఫీసర్లూ వాళ్ళ చుట్టాలూ కుటుంబాలతో దిగేవాళ్ళు. గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి ఉద్యోగం ఖాళీగా ఉండేది. ఆ ఖాళీలో నేను వండాను. జీతం ఆ ఖాళీకీ రాలేదు, నాకూ రాలేదు. తెల్లవారక ముందే లేచి ఫ్లాస్కుల్లో కాఫీ పోసి, ఉప్మా పొట్లాలు కట్టి, పిల్లల స్వెట్టర్లు వెతికిపెట్టి అందర్నీ జీపెక్కించేదాన్ని. జీపు మెట్ల ముందు నుంచి బయలుదేరి, నేరేడు చెట్టు దగ్గర మలుపు తిరిగేది. అక్కడిదాకే నాకు కనిపించేది. తర్వాత దుమ్ము. దుమ్ము సర్దుకున్నాక లోపలికి వెళ్ళి దోసెలకి పెనం పెట్టేదాన్ని, ఎందుకంటే వాళ్ళు ఆకలితో వస్తారు. వచ్చి దోసెలు తింటూ చెప్పుకునేవాళ్ళు. మలుపు దాటగానే వాగు, వాగు దాటితే గడ్డి మైదానం, దుప్పులు గుంపులుగా తలెత్తి చూస్తాయట, ఆ పైన నీటిగుంట, గుంట అవతల బండరాయి, బండ మీద ఒక్కోసారి పులే పడుకుని ఉంటుందట. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ దారంతా నాకు కంఠతా వచ్చేసింది. నా కళ్ళు మాత్రం నేరేడు చెట్టు దాటలేదు.

ఒకసారి ఒక ఇంజనీరుగారి భార్య వచ్చింది. మంచి మనిషి. జీపెక్కి కూర్చుని, పక్క సీటు తట్టి, "రా కృష్ణవేణీ, చోటుంది, నువ్వూ చూద్దువుగాని" అంది. నేను చేతులు కొంగుకి తుడుచుకుంటున్నాను. మెట్టు మీద కాలు కూడా పెట్టాను. మా ఆయన స్టీరింగ్ ముందు నుంచి తల తిప్పకుండా అన్నారు.

"దానికి భయమండి అమ్మగారూ. ఎక్కదు."

అమ్మగారు నవ్వింది. అందరూ నవ్వారు. పదిమంది ముందు ఆయన మాట తీసేయలేక నేనూ నవ్వి, కాలు దించేశాను. ఆ రోజు నుంచి అదే నా గుణమైపోయింది. చుట్టాలొస్తే, "మా ఆవిడ అడవిలో ఉంటుంది గానీ అడవంటే భయం" అని చెప్పి నవ్వించేవారు. నేను భయపడితే దోసెలు వేడిగా వస్తాయి కదా, అది మాత్రం ఎవరూ అనేవారు కాదు.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక సాయంత్రం పెరట్లోకి ఎలుగుబంటి వచ్చింది. ఆయన జీపు మీద వెళ్ళారు. చంకలో మృదుల, ఇంకా పాలు తాగే పిల్ల. ఇత్తడి పళ్ళెం తీసుకుని గరిటెతో మోత మోగిస్తూ గుమ్మంలో నిలబడ్డాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. చివరికి అదే వెనక్కి తిరిగి పోయింది. తర్వాత్తర్వాత ఆ కథ మా ఆయన చెప్పేటప్పుడు గరిటె ఆయన చేతిలో ఉండేది. మృదుల అలాగే విని పెరిగింది.

నా పక్క కుర్చీలో ఉన్న అదితి ఫోన్ లోంచి తలెత్తి, తనకొచ్చిన తెలుగులో అడిగింది. "అమ్మమ్మా, నువ్వు నిజంగా స్కేర్డ్ ఆ?"

గోంగూర కాడ చేతిలో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందరూ నా గురించి చెప్పుకున్నారు గానీ నన్నడగలేదు.

"ఆ మాట మీ తాతయ్య అన్నారమ్మా" అన్నాను. "నేనెప్పుడూ అనలేదు."

స్టవ్ దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది. మల్లికార్జున్ ఇబ్బందిగా నవ్వి, ఆ రోడ్లలో కుదుపులెక్కువ, నా మోకాళ్ళు తట్టుకోవేమో అన్నాడు.

"మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను బాబూ."

"మరి మానవ్ దగ్గర ఎవరుంటారు అత్తయ్యా?"

"అది మీరిద్దరూ మాట్లాడుకోండి. నా సీటు మాత్రం ఉంచండి."

అతను మృదుల వైపు చూశాడు. మృదుల నన్నే చూస్తోంది. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఏ పార్టీకి వెళ్ళినా మల్లికార్జున్ అంటాడు, మృదులకి హైవే అంటే భయం, ఎక్కదు అని. అందరూ నవ్వుతారు, ఇదీ నవ్వుతుంది. పెళ్ళికి ముందు ఒంటరిగా హైవేల మీద తిరిగిన పిల్ల. పెళ్ళయ్యాక ఒకసారి పక్కనుంచి పెద్ద ట్రక్కు రాసుకుంటూ పోతే కంగారుపడింది, అంతే. నీకెందుకు, నేనున్నాగా అన్నాడట. అప్పటి నుంచి ఆఫీస్‌కి సందుల్లోంచి, సిగ్నళ్ళ మధ్య గంట ఎక్కువ పట్టే దారిలో పోయి వస్తోంది. వచ్చి వంట చేస్తోంది.

 ఆ రోజు గోంగూర పచ్చడి వేసుకుని నలుగురం తిన్నాం.

ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్ళాలి. మల్లికార్జున్ కాసేపు పడుకుని లేచి తీసుకెళ్తానన్నాడు. మృదుల చీర కట్టుకుని, కారు తాళాలు తీసి, "మానవ్ నీ దగ్గరుంటాడు" అని అతనితో చెప్పి, "అమ్మా, ముందు సీట్లో కూర్చో" అంది. నేను వెనక సీటుకి అలవాటుపడ్డ మనిషిని, మానవ్ నోట్లో బిస్కెట్టు పెడుతూ. బెల్టు ఎలా పెట్టుకోవాలో కూడా అదే చూపించింది.

సందులు దాటాం. హైవే బోర్డు వచ్చింది. స్టీరింగ్ మీద దాని వేళ్ళు బిగుసుకున్నాయి, మెడ మీద చెమట. అప్పుడే ఫోన్ మోగింది, కారంతా మల్లికార్జున్ గొంతు నిండింది. మానవ్ బ్లూ కప్పు ఎక్కడుందని అడిగాడు. మృదుల చెప్పింది. తర్వాత ఏ రోడ్డులో ఉన్నావన్నాడు.

"హైవే ఎక్కుతున్నా."

"మృదూ, నీకు భయం కదా?"

మృదుల అద్దంలో వెనక్కి చూసుకుంది. సిగ్నల్ లైటు వేసింది.

"భయంగానే ఉంది" అని ఫోన్ పెట్టేసింది.

 నేను కొంగు ఒళ్ళో సర్దుకుని, ముందు అద్దంలోంచి రోడ్డే చూస్తున్నాను. కారు మెల్లగా వంగి మలుపు తిరిగింది. మలుపు అవతల ఏముంటుందో ఈసారి నాకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.