నాలుగో పేరా

అత్తయ్య కోర్టు వరండాలో కత్తిపీట వేసుకుని బెండకాయలు తరుగుతోంది. ఆమె పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు, అయినా ఆ చివర బల్ల మీద కూర్చున్న నా మాజీ భర్త శ్రీకర్ కన్నతల్లి వైపు చూడకుండా ఫోను చూసుకోవడమే నాకు వింతగా ఉంది. నేను ఆమె దగ్గరికి నడుస్తుంటే వరండా మెల్లగా కాకినాడ ఇంటి వంటగదిగా మారుతోంది, గోడల మీద మాత్రం కేసుల జాబితాలు అలాగే అంటించి ఉన్నాయి.

"చిక్కిపోయావే మైథిలీ. హవిష అన్నం తింటోందా? పెరుగన్నమైతేనే తింటుంది, పప్పు ముట్టదు."

"ఇప్పుడు పప్పే తింటోంది. ఆరేళ్ళొచ్చాయి."

"నేనుంటే పెరుగే తినేది," అని నవ్వుతుంది.

నాకు నవ్వు రాదు. హవిష ఎవరి దగ్గర ఉండాలో జడ్జి గారు ఇవాళే వింటారు, శ్రీకర్ చేతిలో ఉన్న పెద్ద ఆధారం ఈమె చనిపోయే ముందు ఇచ్చిన అఫిడవిట్: జ్వరంతో కాలిపోతున్న పిల్లను వదిలేసి నేను మూడు రోజులు పుట్టింటికి పోయానని.

"ఆ సంతకం మీదేనా అత్తయ్యా?"

"నాదే."

"మీ అబ్బాయి నా చెయ్యి మెలిపెడితే, పాపను నేను చూసుకుంటాను, ముందు నువ్వు పో అని నన్ను బస్సెక్కించింది మీరే కదా?"

"నేనే. కిటికీ పక్క సీటు కూడా నేనే చూశాను."

"మరి చదవకుండా పెట్టారా? కళ్ళజోడు లేదని మాత్రం చెప్పకండి. బియ్యంలో రాళ్ళు కళ్ళజోడు లేకుండానే ఏరేవారు."

ఆమె తరుగుతూనే ఉంటుంది, బెండకాయలు ఎంతకీ తరగవు, ఎక్కడి నుంచో నీళ్ళు వచ్చి కత్తిపీట చుట్టూ చేరుతున్నాయి.

"చదివే పెట్టానే. కొడుకు కదా."

"ఇప్పుడైనా లోపలికొచ్చి ఒక్క మాట చెప్పండి. నా పిల్ల పోతుంది అత్తయ్యా." కాళ్ళు పట్టుకుందామని వంగుతాను, కాళ్ళు ఉండాల్సిన చోట నీళ్ళే తగులుతాయి.

"చచ్చినదాని మాట ఎవరు వింటారు? అది సరే, మీ ప్లీడరమ్మ నా మీద ఏదో రాస్తానందట?"

పొద్దున మా లాయరు పుష్పలీల గారు అన్నారు, నాయనమ్మ పాపను కొట్టేదని రాస్తే ఆమె మాటకు విలువ పోతుందని. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు.

"నేనింకా ఏమీ రాయలేదు," అంటాను.

"జ్వరం దిగేదాకా దాని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను," అంటుంది. ఆమె గొంతులో కోపం లేదు, ఎవరికో ఇంటి దారి చెబుతున్నట్టుంది. నీళ్ళు నా మోకాళ్ళ దాకా వచ్చేస్తాయి.

"మైథిలి గారూ, లేవండి."

పుష్పలీల గారు భుజం తడుతున్నారు. వరండాలో మిట్టమధ్యాహ్నపు ఎండ, నేను బల్ల మీదే కునికాను. నా ఒళ్ళో అప్పుడే ప్రింటు తీసిన కాగితాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"పొద్దున చెప్పిన నాలుగో పేరా చేర్చాను. చదవనక్కర్లేదు, సంతకం పెట్టేయండి. మనల్ని పిలుస్తున్నారు."

నాలుగో పేరా మొత్తం చదివాను. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, కింద సంతకం పెట్టాను.