పడుకోకూడని గుర్రం

శామీర్‌పేటలో తన తండ్రి గౌరయ్యను మించిన మొండిఘటం ఇంకొకడుంటే, ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలని భవితకు చాలాసార్లు అనిపించింది. పెళ్ళి బరాత్‌లకు కిరాయికి తిప్పే తెల్లగుర్రం బిజిలీ ముందరి మోకాళ్ళు మళ్ళీ చెక్కుకుపోయి నెత్తురోడుతున్నాయి. ఆయన మందు రాయడం మానేసి, పొద్దున్నే పక్క కొట్టం ముందు నిలబడి అరుపులు లంకించుకున్నాడు.

పక్క కొట్టం జోయెల్‌ది. కొంపల్లి విల్లాల పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతాడు. నోటి దురుసులో గౌరయ్యకు ఏమాత్రం తీసిపోడు.

"నా గుర్రం మోకాళ్ళ మీద కొడ్తున్నవురా? నా గిరాకి మీద కన్నుపడ్డదా నీకు?"

"నీ గిరాకి నువ్వే ఉంచుకో. దాన్ని పండుకోనియ్యవు. నిలబడ్డకాడ నిద్రవట్టి, కాళ్ళు మడతపడి కూలుతాంది. తాడు ఒదులు జెయ్యి."

"గుర్రం నిలబడే నిద్రపోతది. గింత గూడ ఎర్కలేదు, నువ్వు గుర్రాలు సాదుతున్నవా?"

"నిలబడి కునుకు దీస్తది. ఒళ్ళు వాలిస్తేనే అసలు నిద్ర. నా గుర్రాలు రోజూ కాళ్ళు సాపుకొని పంటయి. మా ఇంట్ల ఎవరు సచ్చిన్రు?"

"మొన్న మీ అవ్వ పోలే?"

"తొంబై ఏండ్ల ముసల్ది పోకుంట ఉట్టి కట్టుకోని కూసుంటదా?" జోయెల్ కాండ్రించి ఉమ్మి, తలుపు ధడాలున వేసుకున్నాడు.

గౌరయ్య నమ్మకం అదే. కొట్టంలో గుర్రం పడుకుంటే, ఇంట్లో ఉన్నవాళ్ళలో ఒకరికి చావు తప్పదు. వాళ్ళ బాపు చెప్పాడట, ఆ బాపుకు ఇంకో బాపు. పోయిన ఎండాకాలం ఒక పొద్దున బిజిలీ పడుకుని కనిపించింది. ఆ సాయంత్రమే భవిత తల్లి కమలాబాయి కన్నుమూసింది. ఇక ఆయనకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆనాటి నుంచీ బిజిలీ తల కిందికి దిగకుండా దూలానికి పొట్టిగా కట్టేస్తున్నాడు. ఇప్పుడు భవిత కడుపుతో పుట్టింటికి వచ్చింది కాబట్టి తాడును ఇంకో జానెడు తగ్గించాడు.

మధ్యాహ్నం నీళ్ళ బకెట్‌తో కొట్టంలోకి వెళ్ళిన భవిత, ఆ పడడం కళ్ళారా చూసింది. బిజిలీ రెప్పలు మూతపడ్డాయి. తల బరువుగా వాలబోయి తాడుకు వేలాడింది. అంతలో ముందరి కాళ్ళు ఒక్కసారిగా మడతపడి, మోకాళ్ళు నేల మీది షాబాద్ బండకు ఠపీమని తగిలాయి. ఉలిక్కిపడి లేచిన బిజిలీ ఒళ్ళంతా వణికింది. చుట్టుపక్కల కొట్టేవాడు కాదు గదా, ఈగ కూడా లేదు. భవితకు తండ్రి మీద ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆ మాటకు సగం భయపడుతూ ఊరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కొడవలి తెచ్చి తాడు తెగ్గోసింది.

బిజిలీ మొదట నమ్మలేనట్టు నిలబడింది. తర్వాత ఇసుక వేసిన మూలకు వెళ్ళి, రెండుసార్లు తిరిగి వాసన చూసి, మెల్లగా ఒరిగింది. మెడ పూర్తిగా చాచేసి గురక పెట్టింది.

ఆ గురక విని గౌరయ్య కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"లేపు దాన్ని!"

"లేప." భవిత వెళ్ళి గుర్రానికి అడ్డంగా కూర్చుంది. "కొట్టాల్నంటే ముందుగాల నన్ను కొట్టు."

"కడుపుల పిల్లనన్న జూస్కోవే, పాపిష్టిదానా! మీ అమ్మ ఎట్ల వోయిందో మర్సినవా?"

"మర్వలే. రొమ్ముల నొస్తాందని మొత్తుకున్నది అమ్మ. గ్యాస్ అన్నవు, సోడా తాగిపిచ్చినవు. దవాఖానకు తీస్కపోలే. గుర్రం పండుకున్నందుకు పోలే నాయినా, నువ్వు తీస్కపోనందుకు పోయింది!"

గౌరయ్య కర్ర పైకి లేచింది. అన్నంత పనీ చేస్తాడేమోనని భవిత కడుపు మీద చేతులు వేసుకుంది. కర్ర అలాగే ఆగి, ఆయన చేతిలోంచి జారిపడింది. విసురుగా ఇంట్లోకి వెళ్ళి ఆమె బట్టల సంచి, చెప్పులు తెచ్చి రోడ్డు మీదికి విసిరేశాడు.

"నడువు. జోయెల్‌గాని ఇంటికి వో, యాడికన్న వో. గా గుర్రం లేచెదాంక నా గడప తొక్కకు."

"నేనెందుకు పోతా? నువ్వసలు మనిషివేనా?"

ఆయన ఆమె జబ్బ పట్టుకుని లేపి, గేటు బయటికి నడిపించాడు. ఆమె తిట్టని తిట్టు తిట్టింది. ఆయన వెనక్కి తిరిగి కొట్టం వైపు చూడనైనా చూడకుండా ఇంట్లోకి వెళ్ళి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు.

భవిత కోపంతో మళ్ళీ గేటు తోసుకొచ్చి తలుపు దబదబా బాదింది. "తలుపు తీ! కన్నబిడ్డను ఎల్లగొట్టి లోపల ఏం జేస్తున్నవు?"

లోపలి నుంచి గౌరయ్య గొంతు వినిపించింది.

"ఇంట్ల ఇగ నేనొక్కన్నే ఉన్న. దాన్ని పండుకోనీ."