క్లచ్‌లో గాలి

నా భార్య దానమ్మ భూస్థాపనకు ఆమె తమ్ముడు నెల్సన్ ఆలస్యంగా వచ్చాడు. పెట్టె మీద మట్టి పోసేశాక వచ్చాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

కారణం అడిగితే, దారిలో కారు క్లచ్‌లో గాలి చేరిందన్నాడు. మెకానిక్ కదా, కారణాలకు కొదవ లేదు. గాలి ఉండేది టైర్లో గాని క్లచ్‌లో కాదని సమాధుల దగ్గరే అందరి ముందూ అన్నాను. ఆ తర్వాత ఏడాది పాటు వాడితో మాట్లాడలేదు. వాడి గురించి మాత్రం నలుగురు కూడిన ప్రతిచోటా మాట్లాడాను.

మొన్న ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఉంగుటూరులో, సమాధి దగ్గర, పది గంటలకు. కొత్తగా పెట్టించిన రాతి పలక మీది గుడ్డ నేనే తీయాలి. ఏలూరులో ఎనిమిదిన్నరకే బయల్దేరాను. వేళకు రావడమంటే ఏమిటో కొందరికి చూపించాలనుకున్నాను.

గుండుగొలను దగ్గర క్లచ్ పెడల్ కిందికి పోయి పైకి రాలేదు. గేరు పడలేదు. టీ కొట్టు దగ్గరివాళ్ళు కారును తోసుకెళ్ళి దగ్గర్లోని షెడ్డులో పెట్టారు. ఆ షెడ్డు నెల్సన్‌ది. వాడు తెల్లచొక్కా వేసుకుని కూడికకే బయల్దేరుతున్నాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, కారు కిందికి దూరాడు.

ఆ పని ఒక్కడివల్ల కాదు. పైన ఒకడు పెడల్ తొక్కి పట్టుకుని, తొక్కానని చెప్పాలి. కింద ఒకడు క్లచ్ ఆయిల్ గొట్టం చివర ఉండే చిన్న మరను, అదే నిపుల్‌ను, వదులు చేసి, గాలి పోయాక బిగించాలి.

"తొక్కారా అండి?"

నేను పలకలేదు. తొక్కాననుకుని వాడు నిపుల్ తిప్పాడు. అప్పటికి నేను కాలు తీస్తున్నాను. పోయిన గాలి మళ్ళీ లోపలికి వచ్చింది. రెండోసారీ అంతే. తొమ్మిదిన్నర అయింది.

"బావగారూ, నాతో మాట్లాడొద్దులెండి. పెడల్‌తో మాట్లాడండి. నేను వింటాను."

"తొక్కాను," అన్నాను. ఏడాదిలో వాడితో అన్న మొదటి మాట అది.

"బుడగలు వస్తున్నాయా అండి? నాకు కనపడట్లేదు."

అబద్ధం. నిపుల్‌కు తగిలించిన గొట్టం, అది దిగిన సీసా వాడి ముక్కు ముందే ఉన్నాయి. పెడల్ మీది కాలు తీయకుండానే తలుపు తీసి వంగి చూశాను. ఆయిల్లో ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తున్నాయి.

"వస్తున్నాయి."

"ఏంటంటారు అవి?"

గడియారం చూశాను. వాడు బిగించలేదు. నిపుల్ వాడి చేతిలో ఉంది.

"గాలి," అన్నాను.

"బిగించానండి. వదలండి."

బుడగలు ఆగేసరికి పది దాటింది. వాడినీ ఎక్కించుకుని ఉంగుటూరు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. పలక మీది గుడ్డ దానమ్మ చెల్లెలు కెజియా తీసేసి, మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇంత ఆలస్యమేంటండీ బావగారూ?" అంది. అందరూ నా వైపే చూశారు.

"రైలు గేటు పడింది," అన్నాను.

కెజియా తమ్ముడి చేతులకున్న మరకలు చూసింది.

"అవునక్కా," అన్నాడు నెల్సన్. "గూడ్సు బండి. చాలా పొడుగు."

పోయినేడాది వాడు చెప్పిన నిజాన్ని ఎవరూ నమ్మలేదు. ఈ అబద్ధాన్ని అందరూ నమ్మారు.

భూస్థాపనకు వాడు ఆలస్యంగా వచ్చాడు. ఆ మాట మీదే ఉన్నాను. ఎందుకు ఆలస్యమైందన్న సంగతి మాత్రం ఇక ఎక్కడా ఎత్తను. ఎవరడిగినా చెప్పను.