అలలు లేని మిద్దె

సగ్గుబియ్యం వడియాలు మిద్దె మీద ఎండబెడితే కాకులను తోలడానికి ఒక మనిషి కావాలి. ఆ ఇంట్లో ఏ పనికి మనిషి కావాలన్నా ఆ మనిషి హరితే. ఎర్రగుంట్లలో కాకులతో పాటు సిమెంటు దుమ్ము కూడా వాలుతుంది కాబట్టి వడియాల మీద పల్చటి పాత పంచె కప్పి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టి, ఏప్రిల్ ఎండలో నీళ్ళ ట్యాంకు నీడన కాపలా ఉండాలి. "పదకొండు నుంచి ఒంటిగంట దాకా నీకు ఈడ పనేముండాది? పైన కూర్చోరాదా" అంటుంది అత్త అలివేలమ్మ. పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా చేసినదాన్ని ఆ ఇంట్లో పని అనరు గనక, ఆమె లెక్కన ఆ మాటా నిజమే.

అత్తకు తెలియనిదల్లా ఒక్కటే. ఆ రెండు గంటల కోసమే హరిత మిగతా రోజంతా ఈడుస్తోంది. ఈ ఏడు వడియాలు రెట్టింపు పెడదామని తానే అంటే, కోడలికి ఇన్నాళ్ళకు సంసారం మీద శ్రద్ధ పుట్టిందని అలివేలమ్మ మురిసిపోయింది.

మిద్దె మీద హరిత చేసే పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గోనెపట్టా పరిచి బోర్లా పడుకుంటుంది. అరచేతులు రొమ్ముకు రెండు పక్కలా ఆనించి, ఒక్క ఊపులో ఎగిరి రెండు పాదాల మీదికి వస్తుంది. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, మోకాళ్ళు వంగి, చేతులు చాచి. మళ్ళీ పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. ఆ తర్వాత మొగుడి హార్డ్‌వేర్ అంగడి నుంచి వచ్చిన పైపు ముక్క మీద చెక్క పెట్టి, దాని మీద పడకుండా నిలబడుతుంది. ట్యాంకుకు కట్టిన సైకిల్ ట్యూబును పీట మీద పడుకుని, ఈత కొట్టినట్టు, ఒక చేత్తో ఒకసారి, ఇంకో చేత్తో ఒకసారి లాగుతుంది. స్నానాలగదిలో బకెట్లో ముఖం ముంచి ఊపిరి బిగపడుతుంది. డెబ్బై దాకా లెక్క వచ్చింది. సముద్రమేమో రైలెక్కితే తప్ప అందదు. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టుందని తనకే అనిపిస్తుంది. అయినా మానదు.

చెన్నైలో ఎంసీఏ చదివేటప్పుడు హాస్టల్ స్నేహితురాలు శివాని ఆదివారాలు సర్ఫింగ్ నేర్పడానికి సముద్రం ఒడ్డుకు తీసుకుపోయేది. పొడుగాటి పలక మీద పడుకుని, అల వచ్చేదాకా చేతులతో నీళ్ళు తోసుకుంటూ పోయి, అల ఎత్తగానే లేచి నిలబడాలి. తొమ్మిది ఆదివారాలు ఉప్పునీళ్ళు తాగింది. పదో ఆదివారం నిలబడింది. ఏడు లెక్కపెట్టేంత సేపు. అంత సేపూ ఎవరూ ఆమెను పిలవలేదు. ఇక్కడ రోజుకు నలభైసార్లు పిలుస్తారు. "హరితా, నీళ్ళు. హరితా, టవలు. హరితా, ఫోను మోగుతాండాది."

పెళ్ళయిన కొత్తలో వాసుదేవ్‌కు ఈ సంగతి చెప్పింది, ఏదో మొగుడు కదా అని. అతను పగలబడి నవ్వి ఊరుకోలేదు. "మా ఆమె చెక్క మీద నిలబడి సముద్రం మీద నడుస్తాదంటప్పా!" అని అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఆరు నెలలు నవ్వించాడు. ఆ తర్వాత ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో శివాని ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఆ ఒడ్డునే పిల్లలకు నేర్పుతోంది. "మే నెలలో పది రోజులు ఆడపిల్లలకే శిక్షణ. నాకు తోడు ఒక ఆడమనిషి కావాలి. నువ్వొస్తే బాగుంటుంది. అలలు లేవని ఊరుకోకు, అలలు లేకపోయినా ఒళ్ళు సిద్ధం చేసుకోవచ్చు" అని బొమ్మలు గీసి పంపింది. భుజాలకు బలం రావడానికి ఆరు వారాలు పడుతుందని రాసింది. అది చదివి హరిత ఒక్కతే నవ్వుకుంది. మోటారు కాలిపోయినప్పుడల్లా మేడ మీదికి బిందెలు మోసిన భుజాలివి, నాలుగేళ్ళుగా రుబ్బిన భుజాలు. వాటికి ఇన్నాళ్ళకు సొంత పని దొరికింది.

ఒకరోజు బోర్లా పడుకుని లేచేసరికి మెట్ల తలుపు దగ్గర అలివేలమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో. హరిత గబుక్కున గోనెపట్టా చుట్టబోయింది. కానీ అత్త కళ్ళు నిండి ఉన్నాయి.

"పిచ్చిదానా, ఆడోళ్ళు సాష్టాంగం చేయగూడదమ్మా. రొమ్ము, కడుపు నేలకు తగలగూడదు. అయినా బిడ్డ కోసరం చేస్తాండావు. అహోబిలం సామి ఏమనుకోడులే. ఎన్ని మొక్కుకున్యావు, నూటెనిమిదా?"

అప్పుడే కాదనాల్సింది. అనలేదు. పెళ్ళయి నాలుగేళ్ళు, కడుపు పండలేదు. కడపలో డాక్టరమ్మ ఇద్దరినీ రమ్మంటే వాసుదేవ్‌కు అంగడి నుంచి తీరిక దొరకలేదు. గొడ్రాలనే మాట ఈ వీధిలో ఎవరూ అనరు, అంతకంటే మంచిగా పేరంటాలకు పిలవడం మానేస్తారు. అలాంటి చోట ఒక ముసలమ్మ ప్రేమగా చూస్తుంటే తల ఊపకుండా ఉండటం కష్టం. హరిత ఊపేసింది.

ఇక ఆ ఇంటి తీరే మారిపోయింది. మెట్ల దగ్గర అలివేలమ్మే కాపలా కూర్చుంది. "కోడలు మొక్కులో ఉండాది, పిలవగాకండి" అని మామ రామకోటయ్యనే గదమాయించింది. మజ్జిగ పైకి వచ్చింది. వాసుదేవ్ దానిమ్మపండ్లు తెచ్చాడు. "ఇంత కష్టపడతాండావని నాకు చెప్పనే లేదే. ఎండలో కాళ్ళు కాలవా?" అన్నాడు. నాలుగేళ్ళలో ఆమె కాళ్ళ గురించి అడగడం అదే మొదలు. గింజలు ఒలుచుకుని తింటూ ఆమె ఏడ్చింది. బాగున్నాయని ఏడ్చింది. ఈ పండ్లు తనకు కాదని, మొక్కు మొక్కుకున్న ఇంకెవరో హరితకని ఏడ్చింది. ఎవరూ పట్టించుకోనప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేదు. ఇప్పుడు ఇంట్లో అందరూ ఆమె చుట్టూ ఉన్నారు, ఆమె ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. అద్దంలో తనను చూసుకుని, నిజం తెలిసింది నీకూ నాకూ మాత్రమే అనుకుంది.

నరసింహ జయంతికి అహోబిలం పోయి మొక్కు చెల్లించాలని అలివేలమ్మ తీర్మానించింది. వాసుదేవ్ జీపు మాట్లాడాడు. వస్తానని మాటిచ్చిన శివాని శిక్షణకు హరిత రైలెక్కాల్సిందీ ఆ రోజే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ప్రయాణం ముందు రోజు దాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నం అలివేలమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. "ఈ ఆఖరి దినం నీకు తోడు నేను గూడా తొమ్మిది చేస్తానమ్మా. నా మనవడు గదా" అంటూ, హరిత వద్దు వద్దంటున్నా కొంగు బిగించి గోనెపట్టా మీద బోర్లా పడుకుంది. పడుకుంది గానీ లేవలేకపోయింది. చెంప గోనెకు ఆనించి, "పెండ్లయినప్పటి నుంచి ఇట్ల పడుకున్నింది లేదే" అని ఆయాసంగా నవ్వింది. హరిత చంకల కింద చేతులు వేసి ఒక్క పట్టున లేపి నిలబెట్టింది.

"అబ్బో, ఏం బలమే నీకు!"

ఇంకొక్క రోజు కూడా ఈమెను మోసం చేయలేననిపించింది హరితకు.

"అత్తా, ఇది మొక్కు కాదు."

చెప్పేసింది. శివాని సంగతి, పలక, పది రోజులు, రేపటి రైలు. అలివేలమ్మ ఎండలోనే నిలబడి వింది.

"అయితే బిడ్డ కోసరం కాదా?"

"కాదత్తా."

"వాసు కోసరమా?"

"కాదు."

"మరెవరి కోసరం, ఇంత ఎండలో?"

"నా కోసమే."

అలివేలమ్మకు కోపం రాలేదు. అదే వచ్చుంటే తేలికయ్యేది. నలభై ఏళ్ళ కాపురంలో వినని మాటేదో విన్నట్టు కోడలి ముఖంలోకి చూసింది. "అట్ల గూడా చేస్తారా?" అంది నెమ్మదిగా. నిజంగా తెలియకే అడిగింది.

బిగించిన కొంగు వదులు చేసుకుంది. "వీధంతా చెప్పుకున్యాను గదమ్మా. రేపు జీపు ఎక్కేటప్పుడు కోడలు యాడని అడిగితే నేనేం చెప్పాల?"

తప్పయిపోయింది అత్తా అనే మాట హరిత పళ్ళ దాకా వచ్చింది. ఉప్పు తక్కువైనా, మోటారు కాలిపోయినా, కడుపు పండకపోయినా అలవాటుగా వచ్చే మాటే. ఈసారి దాన్ని మింగేసింది.

"సముద్రానికి పోయిందని చెప్పత్తా."