పెద్ద ఆటు

మంచానికి అటువైపు పెద్దమ్మ, ఇటువైపు పిల్ల నిలబడి దుప్పటి పరుస్తున్నారు. విదిలించిన దుప్పటి గాలి నింపుకుని ఉబ్బి, తీరిగ్గా పరుపు మీదికి దిగింది. పిల్ల అంటే చెల్లెలి కూతురు, ఇరవై నాలుగేళ్ళది. అయిదేళ్ళప్పుడు పెద్దమ్మ చంకనెక్కింది. పెద్దమ్మ లెక్కలో ఇంకా దిగలేదు.

“ఆ కొస గట్టిగా దోపు పెద్దమ్మా, ఊడొస్తుంది.”

“నువ్వు పుట్టకముందు నుంచీ దోపుతున్నా. నాకు తెలీదా?”

“నీకు తెలియంది ఏముందిలే! ‘నాకు తెలీదు’ అనే మాట నీ నోట ఒక్కసారైనా వినాలని ఉంది నాకు.”

ఎదురింటి కిటికీలో కుట్టు మిషను ఆగింది. “వదినా, సైరను పదింటికే మోగుతుందంటావా? గడియారమ్మ చెప్తే గానీ నేను నమ్మను,” అని కేకేశాడు దర్జీ.

“పదింటికే బాబాయ్! మోగగానే మిషను వదిలేసి మిట్ట ఎక్కాలి,” అంది పిల్ల.

“మిట్ట మీద చొక్కాలు ఎవరు కుట్టించుకుంటారమ్మా? నా మోకాళ్ళనడిగి చెప్తాలే.” మిషను మళ్ళీ టకటకలాడింది.

గడియారమ్మ అనే పేరు పెద్దమ్మకు ఊరికే రాలేదు. సముద్రం ఆటుకు తగ్గినప్పుడు బయటపడే బురదలో గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళ వీధి అది. ఆటు ఎన్నింటికో పోటు ఎన్నింటికో చంద్రుణ్ణి చూసి, వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పేది ఆవిడ. వేళ కాగానే గుల్లలు తవ్వే ఇనుప చువ్వతో తలుపు తలుపుకూ మూడు దెబ్బలు కొట్టేది. వీధంతా బుట్టలు పట్టుకుని కదిలేది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చువ్వ వంటింటి తలుపు వెనక గోడకు ఆనుకునే ఉంది.

పిల్ల సముద్రపు హెచ్చరికల ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. సముద్రం మీదికొస్తే ఎలా తప్పించుకోవాలో అలవాటు చేయడానికి, సైరను మోగించి వీధి జనాన్ని మిట్ట ఎక్కించడం ఇవాళ్టి పని. పోయినసారి నలభై ఇళ్ళకు పదకొండు మందే ఎక్కారు. మిగతావాళ్ళు కిటికీల్లోంచి చేతులూపారు.

“నా మాట వినరు పెద్దమ్మా. నువ్వు ఒక్కసారి తలుపులు కొడితే వీధంతా వస్తుంది.”

“నేను కొట్టను.”

“పోనీ, నేను చెప్పబోయేది నీకు అప్పజెప్తాను, విను. నీకర్థమైతే వీధికి అర్థమైనట్టే.”

“అంత మొద్దునా?”

“కాదు, అంత పెంకివి.”

దుప్పటి అంచు పరుపు కిందికి తోస్తున్న పిల్ల ఉన్నట్టుండి ఆగింది. “ఇదిగో, ఇదే! భూమి పైన నేల ఒక్క ముక్క కాదు, పెద్ద పెద్ద రాతి పలకలు. ఈ పరుపు ఒక పలక, దీని మీద మన ఊరు. నా చెయ్యి సముద్రం అడుగున ఇంకో పలక. అది దీని కిందికి దూరుతూ ఉంటుంది, ఏడాదికి గోరు పెరిగినంత.”

“ఓస్, అంతేనా?”

“అంతే. కానీ నున్నగా దూరదు, పట్టేస్తుంది. చూడు, పరుపు అంచు నా చేతితో పాటు లోపలికి మడుస్తోంది. వెనక ఇక్కడ ఉబ్బుతోంది. వందేళ్ళో రెండు వందలేళ్ళో ఇలాగే బిగబట్టి ఉంటుంది. ఆఖరికి ఒక రోజు...” చెయ్యి లాగేసింది. మడిచిన అంచు ఫట్టున పైకి లేచింది. ఉబ్బిన చోటు కుంగింది. దిండు జారి కింద పడింది.

“అది భూకంపం. లేచిన అంచు దాని మీద నీళ్ళన్నిటినీ అడుగు నుంచి పైదాకా ఒక్కసారే లేపుతుంది. గాలికి లేచే అలలు పైపైన కదులుతాయి. ఇది సముద్రం మొత్తం కదలడం. నడిసముద్రంలో పడవ మీదున్నవాడికి తెలియను కూడా తెలియదు. విమానమంత వేగంగా వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి ముందు నీళ్ళు నెమ్మదిస్తాయి, వెనక నీళ్ళు వచ్చి మీద పడతాయి. అక్కడ లేస్తుంది.”

పెద్దమ్మ దిండు తీసి దులిపింది. దుమ్ము లేకపోయినా మళ్ళీ దులిపింది. “మరి ముందు వెనక్కెందుకు పోయాయి, నీళ్ళు?”

“ఈ ఉబ్బు కుంగింది కదా. కుంగిన వైపు ఒడ్డున ముందు నీళ్ళు వెనక్కి పోతాయి. చూసినవాళ్ళు ఆటు అనుకుంటారు.” పిల్ల గొంతు మెత్తబడింది. “పంతొమ్మిదేళ్ళ కిందట సముద్రం ఊరి మీదికొచ్చిన రోజు లెక్కలు తీసి చూశాను పెద్దమ్మా. అసలు ఆటు పదకొండున్నరకి. నీళ్ళు పోయింది తొమ్మిదికి. నువ్వు పొరబడ్డావు, అంతే. ఎవరైనా పొరబడతారు. ఇంక ఆ చువ్వని చూసినప్పుడల్లా మొహం తిప్పుకోకు.”

ఆ మాటతో సరిపెట్టుకుంటే సరిపోయేది. పిల్ల తనంతట తానే తప్పించుకునే దారి చూపిస్తోంది. నిజం చెబితే ఈ పిల్ల కూడా తనకు దూరమవుతుంది. పంతొమ్మిదేళ్ళుగా పెద్దమ్మకున్న భయం అదొక్కటే. కానీ పదింటికి పిల్ల వీధిలోకి వెళ్ళి ఇదే మాట అందరికీ చెబుతుంది, గడియారమ్మే పొరబడింది, మీరెంత అని. అబద్ధం పిల్ల నోటికి కూడా అంటుకుంటుంది.

“పదకొండు ఇరవై అయిదుకి,” అంది పెద్దమ్మ.

“ఏంటి?”

“ఆ రోజు ఆటు. నేను పొరబడలేదు తల్లీ. అది ఆటు వేళ కాదని నాకు తెలుసు.”

పిల్ల చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది.

“అరగంట ముందు అరల్లో గిన్నెలన్నీ గలగలలాడాయి. తర్వాత నీళ్ళు పోయాయి. ఎప్పుడూ చూడని రాళ్ళు తేలాయి, చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అందరూ వీధిలోకొచ్చి నవ్వారు, గడియారమ్మ గడియారం ఆగిపోయిందని. అదేమిటో నాకు తెలీదు. తెలీదంటే పరువు పోతుందనుకున్నా. ‘ఇది పెద్ద ఆటు, పన్నెండేళ్ళకోసారి వస్తుంది’ అన్నాను. ఆ పన్నెండేళ్ళు అప్పటికప్పుడు నేను అల్లిందే. చువ్వ తీసుకుని తలుపులు కొట్టాను.”

“అమ్మ?”

“జ్వరంతో పడుకుంది. నేనే లేపాను. బుట్ట చాలదేమోనని రెండోది కూడా తీసుకుంది. నిన్ను నా చంకనెక్కించి, ‘దీని ముక్కు తుడువు అక్కా’ అని వెళ్ళింది.”

తర్వాతది పెద్దమ్మ చెప్పలేదు. పిల్లకు తెలిసినదే. అల అంటారు గానీ విరిగి వెనక్కి పోయే అల కాదు అది. సముద్రమే లేచి నల్లగా నడిచి వచ్చింది, పడవల్నీ తలుపుల్నీ కరెంటు స్తంభాల్నీ మోసుకుంటూ. చంకన పిల్లతో పెద్దమ్మ నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కింది. మొదటి నీళ్ళు వెనక్కి తగ్గగానే తమవాళ్ళ కోసం దిగినవాళ్ళను రెండోది పట్టుకుపోయింది. అది మొదటిదాని కంటే పెద్దది. సాయంత్రానికి వీధిలో గోడలు మిగిలాయి, వాటి మధ్య మనుషుల్లేరు. రెండేళ్ళ దాకా బావుల్లో ఉప్పు పోలేదు. చెల్లెలు దొరకలేదు.

పిల్ల మంచం మీద కూర్చుంది. ఎదురింట్లో మిషను టకటకలాడుతూనే ఉంది. గోడ గడియారంలో పదికి ఇరవై నిమిషాలు తక్కువ.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

పిల్ల లేచి, తన వైపు ఊడిన అంచును మళ్ళీ దోపింది. తర్వాత కాళ్ళ వైపు, తర్వాత పెద్దమ్మ వైపు. పెద్దమ్మ దిండును పొట్టకు హత్తుకుని పక్కకు జరిగింది. పిల్ల ఆ దిండు తీసుకుని, దాని చోట పెట్టి, ముడతలు సర్దింది. చేతులకు ఇక పని మిగల్లేదు.

“ఇప్పుడు నీతో ఏమనాలో నాకు తెలియట్లేదు పెద్దమ్మా.”

ఎంత సులువుగా అనేసింది! పెద్దమ్మ ఆ మాటనే చూస్తున్నట్టు పిల్ల నోటి వైపు చూసింది. ఆకాశం విరిగి పడలేదు. పరువూ పోలేదు.

పిల్ల కళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది. తుడుచుకోలేదు. పెద్దమ్మ చెయ్యి చీర చెంగు దాకా పోయి ఆగింది. మొహం తిప్పుకుంటుందేమో అనుకుంది. అయినా చెంగుతో పిల్ల ముక్కు తుడిచింది, అయిదేళ్ళప్పుడు తుడిచినట్టే, కాస్త గట్టిగా. పిల్ల తిప్పుకోలేదు. కళ్ళు మూసుకుని, తుడిచేదాకా కదలకుండా నిలబడింది.

“నాకు తెలీలేదు తల్లీ,” అంది పెద్దమ్మ.

పిల్ల తల ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి, వంగి, ఒకటి అటూ ఒకటి ఇటూ పడి ఉన్న పెద్దమ్మ చెప్పుల్ని పక్కపక్కన సర్దింది, ముందు భాగం వీధి వైపు ఉండేలా.

పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెనక చువ్వ తీసి, తుప్పును చెంగుతో రుద్దింది. వచ్చి చెప్పులు తొడుక్కుని, పిల్ల భుజం మీద ఒక్క క్షణం బరువు మోపి గడప దాటింది. సముద్రానికి వీపు పెట్టి, దర్జీ తలుపు వైపు నడిచింది.